బీరువాలో ఉండిపోయిన అక్క

"అత్తా, పొట్టు పారబోసొచ్చేదా?" అని అడిగింది గంగరత్న.

చేట నిండా శనక్కాయల పొట్టు. పెరడు పది అడుగుల దూరం. తలుపు బార్లా తీసే ఉంది. అయినా ఆమె కళ్ళు నేలకు దించుకుని గడప ఇవతలే నిలబడింది. విత్తనం పప్పు ఏరుతున్న చెన్నమ్మ తీరుబడిగా తలెత్తి, "పోయి రామ్మా" అన్నాకనే కాలు బయట పెట్టింది.

ఆంధ్రా సరిహద్దు పక్కనున్న కర్ణాటక ఊరు బాగేపల్లిలో వాళ్ళ వీధి వీధంతా చెప్పుకునే సంగతి ఇదే. కువైటుకు పోయొచ్చిన ఆడవాళ్ళకు నోరు లేస్తుందనీ, మొగుణ్ణి లెక్కచెయ్యరనీ లోకం అంటుంది కదా, చెన్నమ్మ కోడలు మాత్రం ఐదేళ్ళకు పైగా ఉండొచ్చి, పోయిన రోజుకన్నా అణకువగా తయారైంది. అన్నం తినడానికి అడుగుతుంది. తలకు పోసుకోవడానికి అడుగుతుంది. హైవే పక్కన మొగుడు పురుషోత్తమ్ నడిపే అంగడికి, ఆమె పంపిన డబ్బుతో పెట్టిన అంగడికే, పోవడానికి అడుగుతుంది. గదిలో మంచం ఉన్నా వంటింట్లో చాప మీద పడుకుంటుంది. పిలిస్తే రెండో పిలుపు లేకుండా ఎదుట నిలబడుతుంది. కొళాయి దగ్గర చెన్నమ్మ తక్కిన అత్తలకు ఈ కోడల్ని చూపించి, పంపిస్తే ఇట్లాంటి చోటికి పంపాలని చెబుతుంది. జబ్బు చేసిన మనిషిని చూసి ఊరంతా మెచ్చుకోవడం ఎక్కడైనా ఉందా అంటే, కోడళ్ళ విషయంలో ఉంది. జ్వరమైతే నుదురు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. ఈ జబ్బు చేతికి మంచి నడవడికలాగే తగులుతుంది, ఇంక ఎవరు మందు వేస్తారు?

ఈ జబ్బు ఎక్కడ మొదలైందో చెప్పాలంటే ఆరేళ్ళు వెనక్కి పోవాలి. అప్పుడు గంగరత్నకు ఇరవై నాలుగు. కూతురు ఆశాకు రెండు. ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి ఆ దేశాలకు పంపకూడదని మన సర్కారు నియమం. ఆడవాళ్ళ మేలు కోరి పెట్టారట. మేలు కోరిన వాళ్ళు అంతటితో ఊరుకున్నారు, ఆ నియమాన్ని దాటించే వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. చింతామణి ఊరి ఏజెంటు వెంకటరాయప్ప ఒక స్కూలు కాగితం పుట్టించి ఆమెకు ఏడేళ్ళు కలిపేశాడు. వయసు దొంగతనం బయటపడితే రెండు దేశాల్లోనూ జైలేనని, ఎవరికీ నోరు విప్పొద్దని బస్సెక్కించేటప్పుడే చెప్పి పంపించాడు. అంటే, అక్కడ ఏం జరిగినా చెప్పుకోవడానికి లేకుండా ఇక్కడే కట్టుదిట్టం అయిపోయింది.

విమానంలో ఆమె పాస్‌పోర్ట్ తెరిచి చూసుకుంది. ఫొటో తనదే. కింద పుట్టిన సంవత్సరం ఇంకెవరిదో. గంగరత్నకు అక్కలు లేరు, ఇంటికి ఆమే పెద్ద. తమ్ముళ్ళ ముక్కులు తుడిచి, వాళ్ళకు అన్నాలు పెట్టి పెరిగిన మనిషి. అందుకేనేమో, ఆ ముప్పై ఒక్కేళ్ళ ఆడమనిషిని చూస్తే భయం వెయ్యలేదు, ఆశ పుట్టింది. ఈమె నాకు అక్క, నాకన్నా ఏడేళ్ళు ముందు లోకాన్ని చూసింది, నా ముందు నడుస్తుంది అనుకుంది. మేఘాల మీద ఎండ పడుతోంది. ఆ వెలుగులో అక్క ముఖం తన ముఖమే అయినా కొంచెం నిబ్బరంగా కనిపించింది. ఆమె ఆ చిన్న పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

దిగిన రోజునే, ఆమెను పనికి పెట్టుకున్న ఇంటామె పాస్‌పోర్ట్ తీసుకుని బీరువాలో తువ్వాళ్ళ మధ్య పెట్టి తాళం వేసింది. ఆ దేశం పద్ధతి అది. ఎవరు వీసా ఇచ్చి రప్పించుకుంటే వాళ్ళ ఇంట్లోనే ఉండాలి. ఆ ఇల్లు నచ్చలేదని ఇంకో ఇంటికి పోకూడదు, చెప్పకుండా వీధి గుమ్మం దాటితే పారిపోయినట్టు పోలీసు కాగితాల్లో ఎక్కుతుంది. ఆ పద్ధతి ఇంట్లోకొచ్చేసరికి ఇంకా చిక్కనైంది. నీళ్ళ సీసా తెరవడానికి అడగాలి, స్నానాల గదికి పోవడానికి అడగాలి, ఊరికి ఫోన్ చెయ్యడానికి నెల ముందునుంచి అడగాలి. మొదట్లో అడిగేటప్పుడు సిగ్గనిపించేది. తర్వాత సిగ్గు పోయి అలవాటు మిగిలింది. మధ్యాహ్నం ఇస్త్రీ చేసేటప్పుడు మాత్రం ఆ గదిలో ఆమె, బీరువాలో అక్క. బట్టల ఆవిరిలో, అత్తరు వాసనలో, ఆమె మనసులోనే మాట్లాడేది. అక్కా, ఈరోజు ఇంటామె చెయ్యి చేసుకుంది, అది నీకేలే, నువ్వు పెద్దదానివి కదా అనేది. అక్క భరించేది. అక్క ఉండబట్టే గంగరత్న ఐదేళ్ళూ పిచ్చెక్కకుండా ఉంది. లేకపోతే పిచ్చెక్కడమంటేనే అదేమో, ఎవరు చెప్పొచ్చారు!

ఆ దేశంలో ఉండడానికిచ్చిన గడువు కాగితాన్ని ఇంటామె తిరిగి రాయించకపోవడంతో, ఒక శుక్రవారం చెత్త పారబొయ్యడానికి పోయిన గంగరత్న అట్నుంచి అటే నడిచి మన ఎంబసీకి చేరింది. మూడు నెలలు అక్కడ నేల మీద పడుకుని, చివరికి పాస్‌పోర్ట్ లేనివాళ్ళను ఊరికి పంపడానికిచ్చే ఔట్‌పాస్ కాగితం చేత పట్టుకుని ఊరు చేరింది. పాస్‌పోర్ట్ రాలేదు. అక్క అక్కడే ఉండిపోయింది.

అందుకే ఇప్పుడు కాయలు వొలుస్తూ కూర్చున్న మధ్యాహ్నాలు ఆమెకు కాళ్ళ కింద నేల ఆనదు. హైవే మీద ఎండకు నీళ్ళలాగా ఏదో ఊగుతుంటుంది. హైదరాబాదు బస్సులు ఆ నీళ్ళలోంచి తేలి వచ్చి, మళ్ళీ ఆ నీళ్ళలోకే పోతాయి. చీకటి బీరువాలో తువ్వాళ్ళ మధ్య ఎవరో కుదురుగా కూర్చుని, చెల్లీ, బయటికి వచ్చేదా, అని అడుగుతుంటారు. రా అక్కా అనాలని ఉంటుంది. ఆ మాట అనడానికి ముందు ఎవరిని అడగాలో తెలియక, పప్పు పొట్టులోనూ పొట్టు పప్పులోనూ వేస్తూ కూర్చుంటుంది. అప్పుడు చెన్నమ్మ కేక వేస్తుంది.

ఆ ఎండాకాలం పోయి తొలకరి పడగానే పురుషోత్తమ్ వీసా కబురు తెచ్చాడు. ఈ తూరి ఇల్లు మంచిదట, ముసలివాళ్ళు ఇద్దరేనట. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! ఇప్పుడు నీకు నిజంగానే ముప్పై నిండాయి, అబద్ధంతో పనే లేదు అని సంబరపడ్డాడు. రెండు రోజులకే వెంకటరాయప్ప ఆ సంబరం మీద నీళ్ళు చల్లాడు. పాత ఫైల్లో ఉన్న సంవత్సరమే కొత్త పాస్‌పోర్ట్‌లోనూ ఉండాలి, కాబట్టి కాగితాల్లో ఆమెకు ముప్పై ఏడు. పాతది బస్సులో పోగొట్టుకున్నానని ఒక అఫిడవిట్ ఇస్తే తక్కిన పని తాను చూసుకుంటానన్నాడు. ముప్పై అయితే ఏమి, ముప్పై ఏడైతే ఏమి, వాళ్ళేమన్నా పెండ్లిచూపులకు వస్తాండారా అని పురుషోత్తమ్ నవ్వాడు. రెండేండ్లే కదమ్మా, కండ్లు మూసి తెరిస్తే అయిపోతుందని చెన్నమ్మ ఓదార్చింది. గంగరత్న నోరు తెరిచింది. పోను అనడానికి కూడా ముందుగా ఎవరినో అడగాలన్నట్టు, తెరిచిన నోరు మూసుకుని చేట ముందుకు లాక్కుంది. వాళ్ళు దాన్ని ఒప్పుకోలు కిందే జమ కట్టుకున్నారు.

మరుసటి రోజు ఆశా బడినుంచి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఎండలో నడిచొచ్చి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళ బిందె ఎదురుగానే ఉంది. పిల్ల వంటింటి గడప దగ్గర ఆగి, రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని, కళ్ళు నేలకు దించి నిలబడింది.

"అవ్వా, నీళ్ళు తాగేదా?"

చెన్నమ్మ మురిసిపోయింది. మీ అమ్మను చూసి నేర్చుకుంటివి బంగారూ అని దగ్గరికి తీసుకుంది. గంగరత్న చేతిలో పని వదిలి పిల్లకేసి చూసింది. ఆ నిలబడడం తనది. ఆ చేతులు తనవి. ఇంటామె ఎదుట ఎట్లా నిలబడిందో అచ్చం అట్లాగే. అట్లా నిలబడడం తనకు నేర్పడానికి రెండు సర్కారులు, ఒక తాళం వేసిన తలుపు, ఐదేళ్ళు పట్టింది. బిడ్డకు మాత్రం తల్లిని చూడడమే సరిపోయింది. గబగబా లోటా ముంచి ఇవ్వబోతే సగం నీళ్ళు పిల్ల గౌను మీద ఒలికాయి. పిల్ల బెదిరిపోయి, తప్పయింది అంది. నీళ్ళు ఒలికించిందేమో తల్లి.

అఫిడవిట్ కోసం పురుషోత్తమ్ ఆమెను తీసుకుపోయిన చిక్కబళ్ళాపురంలో, కోర్టు ఎదుట రేకుల పందిరి కింద ఒక ముసలి నోటరీ బల్ల ఉంది. జిల్లా అయినప్పటినుంచీ అక్కడ ఊపిరి సలపని రద్దీ. పురుషోత్తమ్ చెప్పింది చెప్పినట్టు టైపిస్టు కన్నడంలో కొట్టి, కాగితం గంగరత్న ముందు పెట్టాడు. ఆమె కన్నడంలోనే పదో తరగతి దాకా చదివింది. ఆ సంగతి మొగుడికి గుర్తున్నట్టు లేదు. వయసు ముప్పై ఏడు. నా అజాగ్రత్త వల్ల పాస్‌పోర్ట్ పోగొట్టుకున్నాను. దేవుని సాక్షిగా ఇది నిజం. చుట్టూ టైపు మిషన్ల చప్పుడు శనక్కాయల మీద వానలాగా పడుతోంది. ఆ చప్పుడులో ఆమెకు ఉన్నట్టుండి అంతా దూరమైంది, పందిరి, మనుషులు, మొగుడి చొక్కా. నా అజాగ్రత్తా? ఐదేళ్ళు బీరువా తలుపు వైపు చూస్తూ ఇస్త్రీ చేసిన నాదా అజాగ్రత్త? పోగొట్టుకున్నాను అని సంతకం పెట్టేస్తే నాకోసం దెబ్బలు తిన్న మనిషి ఎప్పటికీ లేనట్టే కదా. అక్క పోయాక రేపు ఎవరిని ముందు నిలబెట్టాలి, ఆశానా? కోపం వచ్చింది. ఎంతకాలమైందో కోపం వచ్చి. వేడిగా, కడుపు నిండినట్టుగా, హాయిగా ఉంది.

"ఇదెల్లా నిజానేనమ్మా?" అని కన్నడంలో అడిగాడు నోటరీ, ముద్ర చేతిలో పట్టుకుని.

"కాదు సార్."

పురుషోత్తమ్ గబుక్కున వంగాడు. ఆమెకు వచ్చినప్పటినుంచీ తల కొంచెం సరిలేదు సార్, ఏమున్నా నన్నడగండి అన్నాడు. ఇన్నాళ్ళకు ఆ ఇంట్లో ఒకరు ఆమెకు జబ్బుందని ఒప్పుకున్నారు, అదీ ఆమె కాదన్న నిమిషాన. ప్రమాణం ఆమెది కదప్పా, నిన్నెట్ల అడిగేది అని ముసలాయన తెలుగులోకి తిరిగి, చెప్పమ్మా అన్నాడు.

"నా వయసు ముప్పై. ముప్పై ఏడు కాదు. పాస్‌పోర్ట్ నేను పోగొట్టుకోలే. పనికి పెట్టుకున్నామె పెరుక్కొని బీరువాలో పెట్టుకొనుండాది. అట్ల రాయండి."

"అట్ల రాస్తే నీకు కొత్తది రాదమ్మా."

"రాకపోనీ సార్. నేను ఇంక పోను. నన్ను అడక్కుండా ఎవురూ నన్ను యాడికీ పంపేదానికి లేదని, అది కూడా రాయండి."

పురుషోత్తమ్ ముఖం నల్లబడింది. పక్క బల్లల వాళ్ళు చూస్తుండడంతో ఒక అడుగు వెనక్కి వేశాడు. టైపిస్టు కొత్త కాగితం ఎక్కించి వేళ్ళు గాల్లో ఆపాడు. పైన ఏ కార్యాలయం పేరు వెయ్యాలో అతనికి తెలియలేదు. నోటరీ కళ్ళద్దాలు తీసి ఆమెకేసి చూశాడు.

"పాస్‌పోర్టే వద్దంటాండావు. మళ్ళ ఈ అఫిడవిట్ ఏ ఆఫీసులో ఇస్తావమ్మా?"

"ఏ ఆఫీసులోనూ కాదు సార్," అంది గంగరత్న. "మా ఇంట్లో ఇస్తాను."