కూర్చున్న నక్క

దవాఖానలో పొద్దంతా స్ట్రెచర్లు తోసి తోసి, డానియేలు ఉప్పుగూడలోని ఇంటికి చేరేసరికి కాళ్లు పీకుతున్నాయి. అయినా ముందుగా మూలనున్న బల్ల దగ్గరికే వెళ్లాడు. చిన్నప్పుడు టీవీలో చూసిన పాత కార్టూన్‌ను క్లే బొమ్మలతో మళ్లీ తీస్తున్నాడతను. కుందేలు వెంట పడే నక్క కథ. బొమ్మను రవ్వంత కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి మరో ఫొటో. అన్నీ వరసగా ఆడిస్తే తెరమీద బొమ్మ కదిలినట్టే ఉంటుంది. నిన్న నక్క బోర్లా పడేదాకా తీసి ఆపాడు.

ఇప్పుడది గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, దీన్నెవరు ముట్టిన్రు?"

"నేనే బిడ్డా," అంది మాణిక్యమ్మ వంటింట్లోంచి. "రాత్రి సంది గట్లనే బోర్ల పడున్నది. చూడబుద్ధి కాలే. కూసోబెట్టిన."

లొల్లి చేయడానికి కూడా ఓపిక లేదు. నక్కను మళ్లీ పడుకోబెట్టబోయి ఆగాడు. ఆ కార్టూన్ తీసినవాళ్లెవరో గానీ దాన్ని ఉరికించారు, పడేశారు, మళ్లీ ఉరికించారు. ఒక్కనాడూ కూర్చోనివ్వలేదు.

డానియేలు దాని ఎదుట చతికిలబడి ఫొటో తీశాడు. కదపకుండానే ఇంకోటి తీశాడు. ఎన్ని ఫొటోలు తీస్తే నక్క తెరమీద అంతసేపు కూర్చుంటుంది.

తీస్తూనే ఉన్నాడు.