పదిహేను గజాల అబద్ధం

మా బావ ఎనిమిదో నంబరు క్లబ్బు కోసం గోల్ఫ్ కర్రల సంచిలోకి చెయ్యి పెట్టాడు. ఎదురుగా చెరువు, దాని అవతల జెండా, పక్కన బోర్డు మీద నూట యాభై గజాలని తెల్లటి అంకెలు. ఇదే ఆఖరి హోల్. మూడు దెబ్బల్లో బంతి గుంటలో పడితే వచ్చే ఏడాది కూడా పెద్ద పోటీల్లో ఆడే అర్హత నిలుస్తుంది. నాలుగైతే ఇరవై ఏళ్ళ ఆట ఇక్కడితో సరి.

ఒకప్పుడు పత్రికలవాళ్ళు ఆయనకు స్కేలుబద్ద అని పేరు పెట్టారు. నూట అరవై గజాలు కొట్టాలంటే నూట అరవయ్యే కొట్టేవాడు, మూర ఎక్కువా కాదు, మూర తక్కువా కాదు. రెండేళ్ళుగా ఆ బద్ద విరిగిపోయిందని రాస్తున్నదీ వాళ్ళే. మిగతాచోట్ల ఎలాగో నెట్టుకొచ్చినా, ఇలాంటి పొట్టి హోల్స్ దగ్గర బంతి నేరుగా వెళ్ళి నీళ్ళలో పడుతుంది. మనసు చెదిరిందని ఒకడు, వయసైపోయిందని ఇంకొకడు, తలా ఒక మాట. బావ ఇద్దరు కోచ్‌లను మార్చాడు. రోజుకు ఐదువందల బంతులు కొట్టి అరచేతులు పగలగొట్టుకున్నాడు.

అసలు సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను ఆయన క్యాడీని, భార్య తమ్ముణ్ణి కూడా. సంచి మోయడం, దూరం కొలిచి చెప్పడం నా పని. దూరం కొలిచే యంత్రాలంటే ఆయనకు ఒళ్ళుమంట, నా మాటే వేదం. రెండేళ్ళ కిందట భుజం నొప్పి తగ్గి ఆయన మళ్ళీ ఆడిన మొదటిరోజు ఏ క్లబ్బుతో కొట్టినా బంతి పదిహేను గజాలు ముందే పడింది. ఆ సాయంత్రం ఆయన ముఖం చూడలేకపోయాను. మర్నాడు నూట నలభై ఉన్నచోట నూట యాభై ఐదని చెప్పాను. దానికి తగ్గ క్లబ్బు తీసి కొట్టాడు, బంతి జెండా పక్కన వాలింది, ఆయన పసివాడిలా నవ్వాడు. అక్కడితో ఆగానా? ప్రాక్టీసు మైదానంలో జెండాలు కూడా దగ్గరికి జరిపి పాతాను. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి కదా.

పొట్టి హోల్స్ దగ్గర మాత్రం దూరం బోర్డు మీదే ఉంటుంది. అక్కడ నా అబద్ధం చెల్లదు. ఆయన బోర్డును నమ్మి క్లబ్బు తీస్తాడు, బంతి పదిహేను గజాలు ముందే పడుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. చెప్పేద్దామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. వారం వారం ఆలస్యమయ్యేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. పిరికివాణ్ణి, అంతే.

గడియారం పట్టుకున్న అధికారి మా వైపే చూస్తున్నాడు. ఆలస్యం చేస్తున్నారని ఇందాకే ఒకసారి హెచ్చరించాడు.

"ఎనిమిది వద్దు బావా. ఏడు తియ్యి." నంబరు తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది.

"నూట యాభైకి ఏడెందుకురా? చెరువు దాటి, ఆ జనం కూడా దాటి పోతుంది."

"పోదు. ఎనిమిదితో నువ్వు కొట్టేది నూట ముప్పై ఐదే. రెండేళ్ళుగా అంతే. నేనే పదిహేను కలిపి చెబుతున్నాను."

బావ సంచిలోంచి చెయ్యి తియ్యలేదు. నా ముఖంలోకి చూశాడు. వేళాకోళం కాదని ఆయనకు అర్థమైంది.

"ప్రాక్టీసులో జెండాలు?"

"అవీ నేనే జరిపాను."

"ఆడండి సార్," అన్నాడు అధికారి.

బావ గొంతు తగ్గించాడు. "బోర్డు చూడగానే నా చెయ్యి చచ్చిపోతోందని మీ అక్క ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చానురా. ఒకసారి కాదు."

కాళ్ళు పట్టుకోవాలనిపించింది. అంతమంది జనంలో అది చేతకాలేదు.

ఆయన ఏడో నంబరు తీశాడు. నా చెయ్యి అడ్డం వస్తే పక్కకు నెట్టాడు. బంతి ముందు నిలబడి ఒకసారి ఊపిరి పీల్చి కొట్టాడు. బంతి పైకి లేచి చెరువు మీదుగా పోతుంటే ఆయన దాన్ని చూడలేదు, నన్ను చూస్తున్నాడు. జనం కేకలు వినిపించాకే అటు తిరిగాడు. బంతి జెండాకు పది అడుగుల దూరంలో ఉంది. తర్వాత రెండు దెబ్బల్లో, తొందర లేకుండా, గుంటలో వేశాడు.

అర్హత నిలిచింది. అందరూ ఆయన భుజాలు తడుతున్నారు. అక్క జనాన్ని ఆపే తాడు కిందనుంచి దూరి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆయన చేతులు రెండూ పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "ఏమైంది మీకివాళ? చెయ్యి వణకలేదు?" అంది.

"నా చెయ్యి ఎప్పుడూ బాగానే ఉందట," అన్నాడు బావ. "నీ తమ్ముణ్ణి అడుగు."

అక్క నవ్వుతూనే నా వైపు తిరిగింది.