చూసినట్టే

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. ఆదివారం బట్టలు నానబెట్టే ముందు ఆమె జేబులన్నీ తిరగేసి దాన్ని తీసి కిటికీ గట్టు మీద పెట్టేది. వారమంతా అరిగి అరిగి అప్పటికి చిటికెనవేలి గోరంత మిగిలేది.

ఆయనది పార్కులకు ఊయలలు చేసే షెడ్డు. పదిమంది పనివాళ్లు. అక్కడ ఒకటే కట్టుబాటు. అతుకులు వేశాక ప్రతి ఊయలా ఆయనే ఎక్కి, తన తొంభై కిలోల బరువూ వేసి ఊగి చూడాలి. నమ్మకం కుదిరితే స్తంభం మీద సుద్దతో అడ్డగీత గీస్తాడు. ఆ గీత పడ్డాకే రంగు. రంగు పడ్డాక లోపల అతుకు పూర్తిగా పడిందో సగమే పడిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. గుబురు మీసాల మనిషి కాళ్లు ముడుచుకుని ఊగుతుంటే పనివాళ్లు నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లు.

"నవ్వండ్రా, నవ్వండి. పడితే నేను పడాలి గానీ పిల్లలు కాదు" అనేవాడు.

ఊళ్లో పిల్లలకు ఆటవిడుపు పంచే మనిషికి తన ఇంట్లో మాత్రం అది కరువే. ఏ శని ఆదివారాలూ ఆయన షెడ్డు వదిలింది లేదు. ఇరవై రెండేళ్లు చూసి చూసి, ఆమె ఒకసారి తనే పూనుకుని ఊరి బయట సరస్సు ఒడ్డున రెండు రోజులకు గది తీసుకుంది. శనివారం మూడింటికి వస్తానన్నవాడు నాలుగున్నరైనా రాకపోతే, సంచులతో సహా కారు తీసుకుని షెడ్డు ముందుకే వెళ్లింది.

"ఇంకొక్క ఊయల మిగిలిందే. అదొక్కటీ ఊగి చూడగానే..."

"మేస్త్రి అన్నయ్యగారు ఉన్నారుగా! ఒక్కటి మీరు చూడకపోతే మిన్ను విరిగి మీద పడుతుందా?"

ఆయన నవ్వి కారెక్కాడు. సగం దూరం వెళ్లాక ఫోన్ మోగింది. పెద్ద మేస్త్రి.

"బాబుగారూ, రంగువాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గీత లేదు మరి. ఆ చివరిది చూశారా?"

ఆయన ఆమె వంక చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది, మూతి బిగించుకుని.

"చూసినట్టే మేస్త్రీ" అన్నాడు.

ఆ ఇంట్లో ఈ 'ట్టే' చాలా పాతది. "వచ్చేసినట్టే" అన్నాడంటే ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నాడని అర్థం. "అన్నం అయినట్టే" అని ఆమె అన్నదంటే బియ్యం ఇంకా కడగలేదని. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నవ్వుకునేవారు. మేస్త్రికి మాత్రం ఆయన మాట ఒకటే. చూశానని విన్నాడు. సుద్ద తీసి గీత గీశాడు.

ఆ రెండు రోజులూ ఆమె బతుకులోకెల్లా హాయిగా గడిచాయి. ఆయనకు పడవ నడపడం రాక నీళ్ల మధ్య గిరగిరా తిప్పాడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

మూడు వారాల తరవాత, ఒక ఆదివారం సాయంత్రం, పార్కులో ఆ చివరి ఊయలకు కొక్కెం దగ్గర అతుకు ఊడింది. తొమ్మిదేళ్ల పిల్ల ఎగిరి కుడిచేతి మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్లు మడతపడటం లేదు.

విచారణ రేపనగా మేస్త్రి ఇంటికొచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"గీత గీసింది నేనే. చూసిందీ నేనేనని చెప్తాను. ఈ వయసులో నా పని పోతే పోయేదేముంది, మనవలతో దాగుడుమూతలాడుకుంటా. మీ పేరు పోతే పది ఇళ్లలో పొయ్యిలో పిల్లి లేవదు బాబుగారూ."

వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడ్డ ఆమెకు 'అమ్మయ్య' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిందని తెలిసి చచ్చేంత సిగ్గేసింది.

"నువ్వేమంటావ్?" అని ఆయన ఆమెనే అడిగాడు.

గ్లాసులు బల్ల మీద పెట్టింది. "ఆ రోజు కారులో నేనూ ఉన్నాను కదండీ" అంది. "రమ్మని పట్టుబట్టిందీ నేనే. అది కూడా చెప్పండి."

"పెళ్ళాం పిలిస్తే రావడానికి విచారణ లేదులే" అన్నాడాయన. మేస్త్రి ముట్టుకోని టీ మీద మీగడ కట్టింది.

మర్నాడు అధికారి ముందు ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. అధికారి కలం ఆపి అడిగాడు, "చూసినట్టే అంటే? చూశారా, లేదా?"

"చూడలేదండి."

పార్కుల పని మొత్తం రద్దయింది. రెండు నెలల్లో షెడ్డుకు తాళం పడింది. ఆ రోజు మేస్త్రి తన సుత్తి సంచిలో వేసుకుంటూ, "అబద్ధమైతే నేనొక్కణ్ణే మోసేవాణ్ణి. మీ నిజాన్ని పదిమందిమీ మోస్తున్నాం బాబూ" అన్నాడు. వాళ్లింటి గడప మేస్త్రి మళ్లీ తొక్కలేదు.

ఇప్పుడు అన్నీ ఆదివారాలే. వాళ్లిద్దరూ ఆ పిల్ల ఇంటికి వెళ్తారు. మొదట రెండుసార్లు వాళ్లమ్మ తలుపు తియ్యలేదు. మూడోసారి తీసింది గానీ పలకరించలేదు. పిల్ల మాత్రం ఎడమచేత్తో దిద్దిన వంకర అక్షరాలు తెచ్చి చూపించింది.

"తాతయ్యా, మీరు అన్ని ఊయలలూ ఎక్కి ఊగేవారంట, నిజమా?"

"నిజమే తల్లీ. ఒక్కటే ఊగలేదు."

పిల్ల ఆయన మీసాల వంక చూసి నవ్వింది. ఆ ఎడమచేతి అక్షరాలన్నీ ఆయన ఒక్కొక్కటీ వేలు పెట్టి, చివరిదాకా చదివాడు.

ఇంటికొచ్చాక ఆమె బట్టలు నానబెట్టబోయింది. ఆయన చొక్కా చేతిలోకి తీసుకుంది. జేబులో ఏమీ ఉండదని తెలుసు. అయినా వేళ్లు లోపలికి పెట్టి, జేబు పూర్తిగా బయటికి లాగి, కుట్టు దాకా చూసింది.