ఇంటివాళ్ళ బట్ట

పొద్దున్నుంచీ కరెంటు లేదు. లాగోస్ నగరం యాబా పేటలోని ఆ చిన్న కుట్టుకొట్టులో బొగ్గుల ఇస్త్రీపెట్టె పొగకి అందరి కళ్ళూ మండుతున్నాయి. ఆడవాళ్ళు నడుముకి కట్టుకునే చుట్టుబట్టకి అవెరో కొక్కెం కుడుతుండగా రిసికట్ లోపలికి వచ్చింది. వెనకే కూలివాడు పెద్ద మూట దించి వెళ్ళాడు.

అవెరో చనిపోయిన భర్తకి రిసికట్ అక్క. తమ్ముడు పోయాక ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదలు.

"ఏమే, కూర్చోమనవా? బల్ల విరుగుతుందని భయమా?"

"కూర్చోండి అమ్మగారూ."

"అమ్మగారేంటే! వదిన్ని కానూ?"

అవెరో సూది ఆపలేదు.

రిసికట్ మూట విప్పింది. ముదురెరుపు నేతమీద వెండి చారలు. "మా పెద్దదాని పెళ్ళి. ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఒకటే బట్ట తీశాం. అందరికీ నువ్వు కొక్కెం పెట్టి కుట్టే చుట్టుబట్టే కావాలిట. లాగోస్‌లో ఆఫీసులకెళ్ళే పిల్లలంతా అదే తొడుక్కుంటున్నారుగా. ఎంత గెంతినా జారదుట!"

"సంచి అన్నారు అప్పట్లో. చుట్టుకునేదాన్ని కుట్టి తొడుక్కుంటే పెద్దలకి అవమానమన్నారు."

"అన్నాలేవే. నోరు ఊరుకుంటుందా?"

మిషన్ల దగ్గర నలుగురు ఆడవాళ్ళూ తలెత్తారు. వాళ్ళకి బట్టకింతని కూలి. వానలు మొదలయ్యాక పని పలచబడింది. ఈ మూట దక్కితే నెలంతా వాళ్ళ పొయ్యిలు వెలుగుతాయి. ఆ సంగతి అవెరోకీ తెలుసు.

భర్త పోయిన నలభయ్యో రోజు విందుకి ఆ ఇంటి బట్టలన్నీ కుట్టింది తనే. ఏడుస్తూ కుట్టింది. తీరా అందరూ ఒకే నీలం కట్టి వరసగా కూర్చుంటే తనకి మాత్రం ముక్క ఇవ్వలేదు. ఆచారం ప్రకారం మరిదిని పెళ్ళి చేసుకోనన్నందుకు అది శిక్ష. ఆ బట్ట లేనివాళ్ళు ఆ ఇంటివాళ్ళు కారు. మొగుడి విందుని వంటవాళ్ళ వెనక నిలబడి చూసింది.

"ఈసారి నీకూ తీశాను," అంది రిసికట్, గొంతు తగ్గించి.

అవెరో చేయి చాచింది. "నాది నాకివ్వండి."

రిసికట్ ముఖం వికసించింది. మడత తీసి ఇచ్చింది. అవెరో దాన్ని బల్లమీద పరిచి, పెద్ద కత్తెరతో అడ్డంగా కోసింది. పోగులు ఊడి వేలాడాయి. మళ్ళీ కోసింది. ఒక పేలిక తీసుకుని మిషను కింద కారిన నూనె తుడిచింది.

"అయ్యో, పిచ్చిదానా! వెండిపోగే అది!"

"నూనె బాగా పీలుస్తోంది. మిగతా మూట కట్టుకుని వెళ్ళండి. మీ ఇంటి బట్ట నేను కుట్టను."

కూలివాణ్ణి పిలిచి మూట ఎత్తించుకుపోతూ రిసికట్ తిట్టిన తిట్లు వీధి మలుపు దాకా వినబడ్డాయి. అవెరో మిగిలిన పేలికలు పనివాళ్ళ వైపు చాచింది. "మిషన్లు తుడవండి."

ముగ్గురు కదల్లేదు. నలుగురిలో పెద్దదైన బోసెదె మాత్రం మూట వెళ్ళిపోయిన గుమ్మం వంక కాసేపు చూసి, చేయి చాచి ఒక పేలిక అందుకుంది. తుడవలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.