మొండితోక జెర్రిపోతు

మా హఫీజ్‌పేట్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మళ్లీ పాము కనిపించింది. జెర్రిపోతే, విషం లేదు. కానీ దాని తోక చివర తెగి ఉంది. పోయిన నెల వాచ్‌మన్ మల్లేశం గోనెసంచిలో పట్టుకెళ్లిందీ మొండితోకదే. బాచుపల్లి దాటాక అడవిలో వదిలేశానన్నాడు. మరి ఆటో ఎక్కి తిరిగొచ్చిందా? అసోసియేషన్ సెక్రటరీని, నా చెవిలోనే పువ్వులు పెడతాడా? పిలిచి నిలదీశాను.

మల్లేశం తల గోక్కున్నాడు. "అడివికి తీస్కపోనేలేదు మేడం. ఎలుకలు కార్ల వైర్లు కొరుకుతున్నయి గదా. గిది ఉంటే అవి ఉండయి."

నిజమే, నెల రోజులుగా నా కారు మొరాయించలేదు. అయినా ఊరుకుంటానా?

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"అన్ని ఫ్లాట్లోల్లకు ఎర్కే మేడం. మీకొక్కరికే చెప్పొద్దన్నరు."