మూత ఉన్న సాంచా

దశరథం కుడిచేతి మూడు వేళ్లు తీసిన సాంచాను, ఆ మరమగ్గాన్ని, కంప్యూటర్‌లో తయారుచేసే పని హారతికే పడింది.

పర్వత్ పాటియాలోని ఒక ఆఫీసులో ఆమె మూడేళ్లుగా యంత్రాలకు త్రీడీ నమూనాలు చేస్తోంది. జోల్వాలో దశరథం పనిచేసే మిల్లు సేఠ్, ప్రమాదం ఎలా జరిగిందో విచారణలో చూపించడానికి నిమిషం వీడియో కావాలన్నాడు. నవాగామ్‌లో, వలస వచ్చిన తెలుగు నేతవాళ్ల వాడలో, దశరథం ఇల్లు హారతి వాళ్లింటికి నాలుగిళ్ల అవతలే. ఆయన చిన్నప్పటి నుంచి ఆమెకు కాకా. వేరేవాళ్ల చేతికి పోకుండా పని తనకే వచ్చినందుకు ఆమె మొదట సంతోషించింది కూడా. ఉన్నదున్నట్టు చేయొచ్చనుకుంది.

ఆదివారం వెళ్లి అడిగింది. దశరథం కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని చెప్పాడు.

"తెగిన పోగు అతుకుదామని వంగిన బిడ్డా. పళ్లచక్రాల మీది మూత ఇప్పి రెండు నెలలాయె. మిస్త్రీ మళ్ల పెట్టనే లేదు. అంగి అంచు చక్రాలల్ల ఇరికింది. దాని ఎంబడే చెయ్యి పోయింది."

"జర మంచిగ చెయ్యి బిడ్డా. చూసినోళ్లకు తెల్వాలె" అంది ఆయన భార్య వజ్రమ్మ, చాయ్ ఇస్తూ.

హారతి మిల్లుకు వెళ్లి కొలతలు తీసుకుంది. చక్రాల పళ్లు లెక్కపెట్టింది. నూనె మరకలు కూడా వదల్లేదు. సాంచా ముందు నిలబెట్టిన మనిషికి దశరథం బక్క ఒళ్లు, కొద్దిగా వంగిన నడుము ఇచ్చింది.

బాస్ ఓంప్రకాష్ చూసి మెచ్చుకున్నాడు. "బహుత్ బఢియా. బస్, గార్డ్ లగా దో." చక్రాల మీద మూత పెట్టెయ్యమన్నాడు.

"ఆ రోజు మూత లేదు సర్."

ఉందని సేఠ్ అంటున్నాడనీ, వర్కరే విప్పి చెయ్యి పెట్టాడట అనీ ఓంప్రకాష్ హిందీలో విసుక్కున్నాడు. "నువ్వక్కడ ఉన్నావా? నువ్వు చేయకపోతే పక్క సీటువాడు చేస్తాడు."

మూత పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. మనిషి ఎడమచేత్తో దాన్ని విప్పి కుడిచెయ్యి లోపల పెట్టడం చూపడానికి రెండు రోజులు పట్టింది. మణికట్టు తిరగడం మొదట అసహజంగా వచ్చింది. అలాగే వదిలేస్తే చూసినవాళ్లకు అనుమానం వచ్చేదేమో. కానీ పనిని చెడగొట్టడం హారతికి చేతకాలేదు. సరిచేసింది.

విచారణలో వీడియోను దశరథం ఎదుటే రెండుసార్లు వేశారట. తప్పు దశరథానిదేనని తేల్చారు.

వారం రోజులు హారతి ఆ నాలుగిళ్లు దాటలేకపోయింది. చివరికి నిజం ఒప్పుకుంటూ ఒక కాగితం, దశరథం పేరున మళ్లీ విచారణ కోరుతూ ఇంకొక కాగితం రాసుకుని వెళ్లింది.

"కాకా, ఆ వీడియో నేనే చేసిన. వాళ్లు పెట్టమంటే మూత పెట్టిన. నా నౌకరి పోతే పోనీ. నువ్వు దీని మీద వేలిముద్ర ఎయ్యి."

"నువ్వే చేసినవని తెలుసు బిడ్డా. నా నడుము సుత అచ్చం గట్లనే పెట్టినవ్." దశరథం ఆమె మొహంలోకి చూడలేదు. "మూత నేనే ఇప్పిన. నాకు యాద్ లేకుండె గని, కండ్లార చూసిన గద."

"లేదు కాకా! మిస్త్రీ పెట్టలేదని నువ్వే చెప్పినవ్ గద!"

"నొప్పిల ఏదో అన్న. ఇప్పుడు కండ్లు మూస్తె గదే కనబడుతుంది." ఎడమచెయ్యి ఎత్తి, మణికట్టు మెల్లగా తిప్పి చూపించాడు. హారతి రెండు రోజులు కూర్చుని దిద్దిన కదలికే అది.

వంటగది గడపలోంచి వజ్రమ్మ అంది: "వాడకట్టంత తిరిగి తప్పు నాదే, తప్పు నాదే అని చెప్తుండు. నేను మొత్తుకుంటె ఇనడు."

హారతి ఇంకుపెట్టె తెరిచి ఆయన ముందు పెట్టింది. బతిమాలింది.

దశరథం కాగితాన్ని పక్కకు జరిపాడు.

"అబద్ధం మీద ముద్ర ఎయ్య బిడ్డా" అన్నాడు.