అయిదో షెడ్డు గుడ్లు

అయిదో షెడ్డు గుడ్డు పగలగొట్టగానే మళ్లీ అదే వాసన. ఎండబెట్టిన ఆకు ఘాటు. పొద్దుటి నుంచి నిలబడి కాళ్లు పీకుతున్నా, ఆమె గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఉండరనీ తెలుసు.

ఆమె భర్త దాణా మిల్లులో ఆకుపొడి కలిపేవాడు, రోజూ ఈ వాసనతోనే ఇంటికొచ్చేవాడు. కోళ్లకు రోగాలు రాకుండా, పచ్చసొన నిగనిగలాడేలా చేసే పొడి అది. బస్తా మీద ‘సహజం’ అని రాసి ఉండేది కనుక మూతికి గుడ్డ కూడా ఇవ్వలేదు. కొలతగిన్నె ఎందుకు దండగని దోసిళ్లతోనే పోయించారు. ఆరేళ్లు దగ్గి దగ్గి పోయాడు. శవం మీద కప్పడానికి మాత్రం కొత్త గుడ్డ పంపారు, ఆ దయామయులు.

ఆ తర్వాత ఆమె అదే కంపెనీ గుడ్ల పరీక్షశాలలో రోజుకు నాలుగు వందలకు చేరింది. ఈ నెలాఖరుకు ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

గుడ్డులోకి ఆకుపొడి ఎంత దిగిందో యంత్రం అంకె చూపించింది. ముప్ఫై ఒకటి. పది దాటకూడదు. మళ్లీ చేసింది. ముప్ఫై ఒకటే.

పెద్దసారు వచ్చి కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు.

"దీనికెందుకమ్మా అంత బెంగ? మిగతా తొమ్మిది షెడ్ల గుడ్లూ ఇందులో పోసి గిలక్కొట్టు. ఆరో ఏడో వస్తుంది. ఎప్పుడూ చేసేదేగా!"

నిజమే. రెండేళ్లుగా తన చేత్తోనే కలిపింది. ఎన్ని జాడీలో! అలా దాటించిన గుడ్లన్నీ ఎవరెవరు తిన్నారో తలుచుకుంటే సిగ్గేసింది.

"బయటున్న గుడ్ల లారీ ఎక్కడికి సార్?"

"ప్రసూతి ఆసుపత్రికి. ఆకేగా, విషమా? ఒంటికి బలం!"

"మా ఆయనకీ ఇదే చెప్పారు సార్."

"పోయినవాళ్ల సంగతి ఇప్పుడెందుకు? బయట డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయట్లేదు. కానీ, కానీ."

ఆమెకు భయమే. ఈ పని పోతే తనకీ, మంచంలో ఉన్న అత్తగారికీ పొయ్యి వెలగదు. వెనకాల ఎవరో దగ్గినట్టయింది. ఈసారి తిరిగి చూడలేదు.

"కలపను సార్."

"ఏంటీ?"

"ఏ షెడ్డుకి ఆ షెడ్డు విడిగానే రాస్తాను."

"అయితే రేపట్నించి రావక్కర్లేదు."

"సరే సార్. ఇవాళ్టికి ఉన్నాగా," అంటూ ఆమె పుస్తకం ముందుకు లాక్కుంది. అయిదో షెడ్డుకి ఎదురుగా ముప్ఫై ఒకటి అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, కింద సంతకం పెట్టింది.